తెలుగు క్రియ తోక పట్టుకుని ఇంగ్లీషు క్లాజులు నేర్చుకునే పద్ధతి

కావలిలో సాయంత్రం పూట పదో తరగతి, ఇంటర్ పిల్లలకి ఇంగ్లీషు గ్రామర్ చెప్తుంటాను. క్లాజుల పాఠం వచ్చేసరికి పిల్లలు నిర్వచనాలు గడగడా అప్పజెప్తారు. కానీ ఒక వాక్యం ఇచ్చి ఇందులో ఎన్ని క్లాజులున్నాయి అంటే మాత్రం నా మొహం చూసి అంకె చెప్తారు. నేనూ చాలా ఏళ్ళు పుస్తకంలో ఉన్నది ఉన్నట్టే చెప్పేవాణ్ణి. ఒకరోజు బిట్రగుంట నుంచి వచ్చే అమ్మాయి లేచి అడిగింది.

"సార్, తెలుగు క్లాసులో 'రాము అన్నం తిని బడికి వెళ్ళాడు' సంశ్లిష్ట వాక్యం అన్నారు. సంశ్లిష్టం అంటే కాంప్లెక్సే గదా. మరి 'హావింగ్ ఈటెన్ రైస్, రాము వెంట్ టు స్కూల్' అనేదాన్ని నేను కాంప్లెక్స్ అని రాస్తే కొట్టేశారేంది సార్?"

ఆ అమ్మాయి తప్పు ఏమీ లేదు. రెండు భాషలు ఒకే పేరుతో రెండు వేరే వస్తువుల్ని పిలుస్తున్నాయి. ఆ రాత్రి కూర్చుని నా నోట్సంతా తిరగరాశాను. అప్పటి నుంచి చెప్తున్న పద్ధతే ఇది. ఇంగ్లీషు వాక్యాల్ని ఇక్కడ తెలుగు లిపిలోనే ఇస్తున్నాను. ముందు పైకి చదవండి, చెవికి పట్టాక నోటుబుక్కులో ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకోండి.

మొదటి మెట్టు: కాలం చెప్పే క్రియని గుర్తుపట్టడం

ఇది రాకుండా ముందుకు పోవద్దు. నా క్లాసులో దీనికే వారం పడుతుంది, ఆ వారం వృథా కాదు.

తెలుగులో సమాపక క్రియ, అసమాపక క్రియ అని చదువుకున్నాం. "వెళ్ళాడు" సమాపకం. అక్కడితో మాట పూర్తవుతుంది, ఎప్పుడు, ఎవరు అనేది కూడా తెలుస్తుంది. "వెళ్ళి" అసమాపకం, మాట ఇంకా మిగిలి ఉంది. ఇంగ్లీషులో సమాపక క్రియని ఫైనైట్ వెర్బ్ అంటారు. క్లాజ్ అంటే కర్త, దాంతోపాటు ఒక ఫైనైట్ వెర్బ్ ఉన్న మాటల గుంపు. ఫైనైట్ వెర్బ్ లేకపోతే అది ఫ్రేజ్, ఎంత పొడుగున్నా సరే.

పట్టుకునే కిటుకు ఒకటుంది. వాక్యాన్ని నిన్నటికి మార్చి చూడండి. "హి వాంట్స్ టు గో టు నెల్లూర్." ముందు "యెస్టర్‌డే" పెడితే "యెస్టర్‌డే హి వాంటెడ్ టు గో టు నెల్లూర్" అవుతుంది. "వాంట్స్" మారింది, "టు గో" మారలేదు. మారిందే ఫైనైట్. "సీయింగ్ ది బస్, షి రన్స్." నిన్నటికి మారిస్తే "సీయింగ్ ది బస్, షి రాన్." "సీయింగ్" కదల్లేదు. కాబట్టి ఇందులో ఉన్నది ఒకటే క్లాజు.

సహాయ క్రియలతో జాగ్రత్త. "హాజ్ బీన్ వెయిటింగ్", "కెన్ గో", "వుడ్ హావ్ కమ్": మాటలు ఎన్ని ఉన్నా ఒక్కోటీ ఒక్క క్రియ కిందే లెక్క. పిల్లలు "ఈజ్ గోయింగ్" చూసి రెండు క్రియలు అంటారు. కాదు, ఒకటే.

మార్కాపురం పలకలు మీ ఇంట్లో అటక మీద ఎక్కడన్నా ఉంటే దించండి. మా దగ్గర ఇప్పటికీ రెండున్నాయి. పలక మీద వాక్యం రాసి, ఫైనైట్ క్రియల కింద మాత్రమే గీత గీయమంటాను. తప్పు గీస్తే తడిగుడ్డతో తుడిచి మళ్ళీ గీస్తారు. నోటుబుక్కులో కొట్టివేతలంటే పిల్లలకి టెన్షన్, పలక మీద ఆ భయం ఉండదు.

ఇప్పుడు ఆ అమ్మాయి ప్రశ్నకి జవాబు వస్తుంది. తెలుగులో ఒక సమాపక క్రియ, దానికి ముందు ఒకటో రెండో అసమాపక క్రియలు ఉంటే సంశ్లిష్ట వాక్యం. ఇంగ్లీషులో కాంప్లెక్స్ అనాలంటే ఫైనైట్ క్రియలు కనీసం రెండుండాలి. "హావింగ్ ఈటెన్" ఫైనైట్ కాదు కాబట్టి ఆ వాక్యం సింపుల్. "ఆఫ్టర్ రాము హాడ్ ఈటెన్ రైస్, హి వెంట్ టు స్కూల్" అంటే కాంప్లెక్స్. తెలుగు వాక్యం గూడ్సు బండి లాంటిది. తిని, కడుక్కుని, బ్యాగు తీసుకుని అని ఎన్ని పెట్టెలున్నా ఇంజను ఒకటే, అదీ చివర్న ఉంటుంది. ఇంగ్లీషు క్లాజుకి మాత్రం దేని ఇంజను దానికుండాలి. మనం ఇంగ్లీషులో చేసే క్లాజు తప్పుల్లో చాలావరకు ఈ ఒక్క తేడా దగ్గరే పుడతాయి.

రెండో మెట్టు: కీళ్ళు లెక్కపెట్టడం

రెండు క్లాజుల్ని కలిపే మాటని నేను "కీలు" అంటాను. అండ్, బట్, బికాజ్, వెన్, ఇఫ్, ఆల్దో, హూ, విచ్, దట్, వేర్ లాంటివన్నీ కీళ్ళే. రెండు గదుల మధ్య ఒక తలుపు, మూడు గదుల మధ్య రెండు తలుపులు. అలాగే ఫైనైట్ క్రియలు ఎన్నున్నాయో అంతకు ఒకటి తక్కువ కీళ్ళుండాలి. ఈ ఒక్క లెక్కతో మూడు పెద్ద తప్పులు మీ అంతట మీరే పట్టేస్తారు.

"ఆల్దో ఇట్ రెయిన్డ్, బట్ ది బస్ కేమ్." క్రియలు రెండు, కీళ్ళు కూడా రెండు. ఒక కీలు ఎక్కువైంది. "వర్షం పడ్డా కానీ బస్సు వచ్చింది" అని మనం మాట్లాడేటప్పుడు రెండు మాటలు వాడతాం కాబట్టి ఇంగ్లీషులోనూ రెండూ వచ్చి కూర్చుంటాయి. ఆల్దో ఉంచండి, లేదా బట్ ఉంచండి. "బికాజ్" పెట్టి మళ్ళీ "సో" పెట్టడం కూడా ఇదే తప్పు.

"ఐ హాడ్ ఫీవర్, ఐ డిడ్ నాట్ కమ్." క్రియలు రెండు, కీళ్ళు సున్నా. కామా కీలు కాదు. "జ్వరం వచ్చింది, రాలేదు" అని తెలుగులో కామాతో సరిపెట్టుకోవచ్చు గానీ ఇంగ్లీషులో కుదరదు. "సో" పెట్టండి, లేదా ఫుల్‌స్టాప్ పెట్టి రెండు వాక్యాలు చేయండి.

"బికాజ్ ఐ హాడ్ ఫీవర్." క్రియ ఒకటి, కీలు ఒకటి. తలుపుంది, అవతల గది లేదు. లీవు లెటర్లలో ఇది చాలా ఎక్కువగా చూస్తాను. "ఐ కుడ్ నాట్ కమ్ యెస్టర్‌డే. బికాజ్ ఐ హాడ్ ఫీవర్." మధ్యలో ఆ ఫుల్‌స్టాప్ తీసేస్తే చాలు, వాక్యం బాగుపడుతుంది.

లెక్కలో రెండు మెలికలున్నాయి. ఒకటి, కీలు కనపడకుండా దాక్కోవచ్చు. "ఐ థింక్ హి ఈజ్ రైట్" అన్నప్పుడు మధ్యలో "దట్" ఉందనుకోవాలి. "ది పెన్ ఐ బాట్ ఈజ్ లాస్ట్" అన్నప్పుడు పెన్ తర్వాత "విచ్" దాక్కుని ఉంది. రెండోది, అదే మాట ఒక్కోసారి కీలు కాదు. "రైస్ అండ్ దాల్" అన్నప్పుడు అండ్ రెండు నామవాచకాల్ని కలుపుతోందంతే. "ఆఫ్టర్ లంచ్" అన్నప్పుడు ఆఫ్టర్ వెనక క్రియ లేదు, అది ఫ్రేజ్. "ఆఫ్టర్ వి హాడ్ లంచ్" అంటే క్లాజు. బికాజ్ ఆఫ్, డ్యూరింగ్, డిస్పైట్ వెనక ఎప్పుడూ నామవాచకమో, నామవాచకం పని చేసే మాటో వస్తుంది. అవే అర్థాలున్న బికాజ్, వైల్, ఆల్దో వెనక మామూలుగా పూర్తి క్లాజు వస్తుంది. వాక్యాల్ని మార్చి రాయమనే ప్రశ్నల్లో ఈ జంటలు బాగా పనికొస్తాయి.

మూడో మెట్టు: వాక్యం ఏ రకమో తేల్చడం

పై రెండు మెట్లు ఎక్కినవాళ్ళకి ఇది ఐదు నిమిషాల పని.

ఫైనైట్ క్రియ ఒకటే ఉంటే సింపుల్: "ది పెన్నా ఫ్లోస్ త్రూ నెల్లూర్ డిస్ట్రిక్ట్." రెండు క్లాజులుండి, వాటి మధ్య ఫర్, అండ్, నార్, బట్, ఆర్, యెట్, సో అనే ఏడింటిలో ఒకటి ఉంటే కాంపౌండ్: "ది రెయిన్ స్టాప్డ్, బట్ ది బస్ డిడ్ నాట్ కమ్." ఈ ఏడింటి మొదటి అక్షరాలు కలిపితే ఫ్యాన్‌బాయ్స్ అవుతుంది, అలా గుర్తుపెట్టుకోవచ్చు. ఇంకే కీలు ఉన్నా కాంప్లెక్స్: "వెన్ ది రెయిన్ స్టాప్డ్, ది బస్ కేమ్." రెండు రకాల కీళ్ళూ ఉంటే కాంపౌండ్-కాంప్లెక్స్.

కాంప్లెక్స్‌లో ఏది మెయిన్ క్లాజో తెలియకపోతే కీలుతో మొదలయ్యే ముక్కని అరచేత్తో మూసేయండి. మిగిలింది చదవండి. "ది బస్ కేమ్" అని దాని కాళ్ళ మీద అది నిలబడింది కాబట్టి అదే మెయిన్. ఇప్పుడు చెయ్యి మార్చి రెండోది చదవండి. "వెన్ ది రెయిన్ స్టాప్డ్..." వాన ఆగినప్పుడు ఏమైంది అని ఎదురుచూస్తాం. అది సబార్డినేట్.

ఒక చోట పుస్తకాలే రెండు రకాలుగా చెప్తాయి. "షి వెంట్ టు ది షాప్ అండ్ బాట్ రైస్." కర్త ఒకరే, క్రియలు రెండు. కొన్ని పుస్తకాలు దీన్ని సింపుల్ అంటాయి, మన దగ్గర స్కూలు గ్రామర్లలో ఎక్కువగా కాంపౌండ్ అంటారు. రెండింటికీ కారణాలున్నాయి. పరీక్షకి మాత్రం మీ క్లాసు పుస్తకం ఏ దారిలో పోతే ఆ దారిలోనే పొండి.

స్టేట్‌మెంట్, ప్రశ్న, ఆజ్ఞ, ఆశ్చర్యం అనే నాలుగు రకాలు వేరే సంగతి. అవి వాక్యం చేసే పనిని బట్టి వచ్చాయి, పైన చెప్పినవి వాక్య నిర్మాణాన్ని బట్టి. "వేర్ డిడ్ యు గో వెన్ ది బెల్ ర్యాంగ్?" పనిలో ప్రశ్న, నిర్మాణంలో కాంప్లెక్స్. రెండూ ఒకేసారి కావచ్చు.

నాలుగో మెట్టు: తోక చూసి క్లాజు పేరు చెప్పడం

సబార్డినేట్ క్లాజులు మూడు రకాలు: నౌన్, అడ్జెక్టివ్, అడ్వెర్బ్. పిల్లలు వీటిని కీలు చూసి గుర్తుపట్టాలని చూస్తారు. వెన్ వచ్చిందంటే అడ్వెర్బ్ అని రాసేస్తారు. కానీ కీలుని నమ్మకూడదు. ఈ మూడు వాక్యాలు చూడండి.

"ఐ డోంట్ నో వెన్ హి కేమ్."
"ఐ రిమెంబర్ ది డే వెన్ హి కేమ్."
"ఐ వజ్ అస్లీప్ వెన్ హి కేమ్."

మూడింటిలోనూ ఒకటే ముక్క: వెన్ హి కేమ్. ఇంగ్లీషులో అక్షరం తేడా లేదు. తెలుగులో చెప్పుకోండి. అతను ఎప్పుడొచ్చాడో నాకు తెలియదు. అతను వచ్చిన రోజు నాకు గుర్తుంది. అతను వచ్చినప్పుడు నేను నిద్రలో ఉన్నాను. వచ్చాడో, వచ్చిన రోజు, వచ్చినప్పుడు. మన క్రియ తోక మూడు చోట్లా మారింది. ఇంగ్లీషు దాచిపెట్టిన తేడాని తెలుగు బయటపెట్టేసింది. ఇది మొదటిసారి బోర్డు మీద పక్కపక్కన రాసిన రోజు నాకే ఒళ్ళు జలదరించింది. ఇంగ్లీషు బాగా రావాలంటే తెలుగులో ఆలోచించడం మానెయ్యాలి అని మాకు చిన్నప్పుడు చెప్పారు. నేనిప్పుడు దానికి పూర్తిగా విరుద్ధంగా చెప్తున్నాను.

తోకలో "-ఓ" గానీ "అని" గానీ ఉంటే నౌన్ క్లాజు. "-ఇన", "-ఏ", "-ని" లాంటి తోక తర్వాత వెంటనే ఒక నామవాచకం ఉంటే, అంటే వచ్చిన అబ్బాయి, చదివే పుస్తకం, తినని అన్నం అన్నట్టుంటే, అడ్జెక్టివ్ క్లాజు. వచ్చినప్పుడు, వస్తే, వచ్చినా, వచ్చాక, వచ్చాడు కాబట్టి, వచ్చేదాకా లాంటివైతే అడ్వెర్బ్ క్లాజు.

ఇప్పుడు ఒక్కోదాన్నీ దగ్గరగా చూద్దాం. మనవాళ్ళు జారిపడేది ఈ మూడు చోట్లే.

నౌన్ క్లాజులో మొదటి ప్రమాదం ప్రశ్న. "ఐ డోంట్ నో వేర్ ఈజ్ హి" అంటారు. "ఎక్కడున్నాడు?" అనే ప్రశ్నని పెద్ద వాక్యంలో పెట్టాలంటే తెలుగు చివర "ఓ" తగిలిస్తుంది: ఎక్కడున్నాడో. ఇంగ్లీషుకి ఆ "ఓ" లేదు. దాని బదులు మాటల వరసని మామూలు వాక్యంలా సర్దేస్తుంది: "ఐ డోంట్ నో వేర్ హి ఈజ్." తెలుగులో ఓ వచ్చిందా, ఇంగ్లీషులో కర్త ముందుకి, క్రియ వెనక్కి. "డు, డజ్, డిడ్" కూడా పోతాయి: "టెల్ మీ వేర్ హి లివ్స్."

రెండో ప్రమాదం "అని". ఇది ఇంకా పెద్దది, ఎందుకంటే అర్థమే మారిపోతుంది. "వాడు రేపు వస్తానని చెప్పాడు." ఇందులో వస్తాను అన్నది ఎవరు? వాడే. తెలుగు అతని మాటని ఉన్నదున్నట్టు ఉంచి పక్కన అని తగిలిస్తుంది. దాన్ని మాటకి మాట మార్చి "హి సెడ్ దట్ ఐ విల్ కమ్ టుమారో" అంటే ఇంగ్లీషువాడికి వచ్చేది నేను అని అర్థమవుతుంది. "హి సెడ్ దట్ హి వుడ్ కమ్ ది నెక్స్ట్ డే" అనాలి. కుర్రతనంలో ఒక ఆఫీసుకి నేను రాసిన ఉత్తరంలో ఇదే తప్పు చేశాను. ఒక కాగితం తెచ్చిస్తానన్నది అక్కడి గుమస్తా. నా వాక్యం ప్రకారం ఆ కాగితం తెచ్చి ఇవ్వాల్సింది నేనైపోయాను. వాళ్ళు దాని కోసం రెండు వారాలు ఎదురుచూశారు, నేను వాళ్ళ కోసం ఎదురుచూశాను.

అడ్జెక్టివ్ క్లాజులో దిక్కు మారుతుంది. తెలుగులో వర్ణన ముందు, మనిషి తర్వాత: నిన్న వచ్చిన అబ్బాయి. ఇంగ్లీషులో మనిషి ముందు: "ది బాయ్ హూ కేమ్ యెస్టర్‌డే." ఆ తర్వాత మళ్ళీ "హి" పెట్టొద్దు. "ది బాయ్ హూ కేమ్ యెస్టర్‌డే హి ఈజ్ మై కజిన్" అన్నచోట హి అనవసరం. "ది పెన్ విచ్ ఐ బాట్ ఇట్" అన్నా అంతే, ఇట్ పనిని విచ్ అప్పుడే చేసేసింది.

కామా కూడా ఇక్కడ అర్థాన్ని మారుస్తుంది. "మై బ్రదర్ హూ లివ్స్ ఇన్ చెన్నై ఈజ్ ఎ డాక్టర్" అని కామాలు లేకుండా రాస్తే, నాకు ఇంకా అన్నదమ్ములున్నారు, చెన్నైలో ఉండే అతను డాక్టరు అని. హూకి ముందు, చెన్నై తర్వాత కామాలు పెడితే నాకున్న సోదరుడు ఒక్కడే. ఎవరో ముందే తెలిసిన మనిషి గురించి అదనంగా ఒక సంగతి చెప్పేటప్పుడు కామాలు తప్పనిసరి: "టంగుటూరి ప్రకాశం, హూ బికేమ్ ది ఫస్ట్ చీఫ్ మినిస్టర్ ఆఫ్ ఆంధ్ర స్టేట్ ఇన్ 1953, వజ్ బార్న్ ఇన్ 1872." ఊళ్ళకైనా అంతే: "ఒంగోల్ డిస్ట్రిక్ట్, విచ్ వజ్ ఫార్మ్డ్ ఇన్ 1970, గాట్ ది నేమ్ ప్రకాశం ఇన్ 1972." కామాల మధ్య ఉన్నది చేత్తో మూసి చదవండి. ఎవరి గురించి చెప్తున్నామో అప్పుడూ తెలుస్తుంటే కామాలు సరిగ్గా పడ్డట్టే.

అడ్వెర్బ్ క్లాజులో చిక్కు కాలంతో వస్తుంది. "రేపు వర్షం పడితే నేను రాను." పడితే అనే మాటలో కాలం లేదు, కాబట్టి ఇంగ్లీషులో ఏ కాలం పెట్టాలో తెలుగు చెప్పదు. రేపటి మాట కదా అని పిల్లలు "ఇఫ్ ఇట్ విల్ రెయిన్" అంటారు. ఇఫ్, వెన్, ఆఫ్టర్, అంటిల్ వెనక రాబోయే కాలాన్ని కూడా ప్రెజెంట్‌లోనే చెప్పాలి: "ఇఫ్ ఇట్ రెయిన్స్ టుమారో, ఐ విల్ నాట్ కమ్." విల్ మెయిన్ క్లాజుకి చెందుతుంది. అయితే నౌన్ క్లాజులో వెన్ వస్తే విల్ పెట్టొచ్చు. రైలు ఎప్పుడొస్తుందో చెప్పు: "టెల్ మీ వెన్ ది ట్రెయిన్ విల్ కమ్." రైలు వచ్చినప్పుడు చెప్పు: "టెల్ మీ వెన్ ది ట్రెయిన్ కమ్స్." మళ్ళీ తోకే దారి చూపిస్తుంది.

ఇంకొక్కటి. "బడికి వెళ్తూ కుక్కని చూశాను", "బడికి వెళ్తుంటే కుక్క కరిచింది". వెళ్తూ అన్నప్పుడు వెళ్ళిందీ చూసిందీ నేనే. వెళ్తుంటే అన్నప్పుడు వెళ్ళింది నేను, కరిచింది కుక్క. ఈ తేడా మనకి ఎవరూ నేర్పకుండానే వచ్చు. వెళ్తూకి "వాకింగ్ టు స్కూల్, ఐ సా ఎ డాగ్" సరిపోతుంది. వెళ్తుంటేకి అదే పద్ధతి వాడి "వాకింగ్ టు స్కూల్, ఎ డాగ్ బిట్ మీ" అంటే బడికి వెళ్తున్నది కుక్క అవుతుంది. కర్తలు ఇద్దరైతే క్లాజు కట్టాల్సిందే: "వైల్ ఐ వజ్ వాకింగ్ టు స్కూల్, ఎ డాగ్ బిట్ మీ."

ఐదో మెట్టు: ఒక పెద్ద వాక్యాన్ని విప్పడం

"వెన్ వి రీచ్డ్ మైపాడు, ది సన్ హాడ్ ఆల్రెడీ రిజెన్, బట్ ది ఫిషర్‌మెన్ హూ హాడ్ గాన్ అవుట్ ఎట్ నైట్ వర్ స్టిల్ పుల్లింగ్ దెయిర్ నెట్స్."

ముందు గీతలు గీయండి: రీచ్డ్, హాడ్ రిజెన్, హాడ్ గాన్, వర్ పుల్లింగ్. నాలుగు. తర్వాత కీళ్ళు: వెన్, బట్, హూ. మూడు. లెక్క కుదిరింది, వాక్యం సరిగ్గా ఉంది. ఫ్యాన్‌బాయ్స్‌లోని బట్ ఉంది, దానితోపాటు వెన్, హూ ఉన్నాయి కాబట్టి ఇది కాంపౌండ్-కాంప్లెక్స్. తోకలు చూడండి: మేము మైపాడు చేరేసరికి, అడ్వెర్బ్ క్లాజు. రాత్రి వెళ్ళిన జాలర్లు, అడ్జెక్టివ్ క్లాజు. మిగిలిన రెండూ, సూర్యుడు అప్పటికే ఉదయించాడు అన్నదీ, జాలర్లు ఇంకా వలలు లాగుతున్నారు అన్నదీ, మెయిన్ క్లాజులు. రెండో మెయిన్ క్లాజు నడుమ హూ క్లాజు దూరి, ఫిషర్‌మెన్‌ని వర్ నుంచి విడదీసింది. చాలామంది ఇక్కడే కర్తని పోగొట్టుకుంటారు. హూ దగ్గర్నుంచి నైట్ దాకా చేత్తో మూయండి, "ది ఫిషర్‌మెన్ వర్ స్టిల్ పుల్లింగ్ దెయిర్ నెట్స్" కనపడుతుంది.

రోజుకి ఇలా ఒక్క వాక్యం చాలు. ఇంగ్లీషు పేపర్లో మొదటి వార్తలో మొదటి వాక్యం తీసుకోండి, అవి సాధారణంగా పొడుగ్గా ఉంటాయి. రెండో వారం నుంచి తిరగేసి చేయండి, తెలుగు నుంచి ఇంగ్లీషుకి. మొదలుపెట్టడానికి నాలుగు వాక్యాలు ఇస్తున్నాను. జవాబులు మూసిపెట్టి ముందు మీరు రాయండి.

సంగం బస్సు ఎప్పుడు బయల్దేరుతుందో ఆయన్ని అడుగు. అమ్మ పంపిన చేపల పులుసు ఇంకా వేడిగా ఉంది. నువ్వు ఒంగోలు చేరగానే నాకు ఫోన్ చెయ్యి. పరీక్ష రాస్తానని అక్క చెప్పింది.

"ఆస్క్ హిమ్ వెన్ ది సంగం బస్ లీవ్స్." ఓ తోక, నౌన్ క్లాజు, డజ్ లేదు. "ది ఫిష్ కర్రీ దట్ మదర్ సెంట్ ఈజ్ స్టిల్ హాట్." పంపిన పులుసు, అడ్జెక్టివ్. "కాల్ మీ ఆజ్ సూన్ ఆజ్ యు రీచ్ ఒంగోల్." చేరగానే, అడ్వెర్బ్, విల్ లేదు. "మై సిస్టర్ సెడ్ దట్ షి వుడ్ రైట్ ది ఎగ్జామ్." అని తోక, రాసేది అక్క కాబట్టి షి. నాలుగో వాక్యంలో "ఐ" అని రాసినవాళ్ళు నౌన్ క్లాజు దగ్గర చెప్పిన "అని" సంగతి మళ్ళీ ఒకసారి చదివి, ఆ వాక్యం మాత్రం మళ్ళీ రాయండి.